చక్రాల వాకర్: నడకకి సాయమా, చేటా?

బరంపురం ఫిజియో: చేటే. వాకర్‌లో పిల్ల బరువంతా గుడ్డ సీటే మోస్తుంది. మునివేళ్లతో నేలని తన్నితే బండి పోతుంది కాబట్టి మడమ ఆనదు, పిక్క బిగుసుకుంటుంది. తూలినప్పుడు నడుము సర్దుకోవడమే నడకలో అసలు పని, ఆ పని పిల్లకి తగలనే తగలదు. పైగా బండి సెకనుకి 3 అడుగులు దూసుకుపోతుంది. మన పాత వీధుల ఇళ్లేమో వరస గదులు, చివర అరుగు, ఆపైన మెట్లు. కెనడాలో 2004లోనే వీటి అమ్మకం నిషేధించారు.

గుణుపూర్ అంగన్‌వాడీ: సరేనండీ, పొయ్యి మీద అన్నం పొంగుతుంటే ఇంట్లో ఒక్కతే ఉన్న తల్లి పిల్లని ఎక్కడ దించాలి? అది చెప్పకుండా వద్దంటే ఎవరూ వినరు.

బరంపురం ఫిజియో: న్యాయమైన ప్రశ్న. పక్కగది గుమ్మానికి 2 అడుగుల అడ్డు, నేల మీద చాప, తల్లి కనబడేలా. వాకర్ ఎక్కిస్తే పిల్ల ఎత్తు పెరిగి వేడి గిన్నె ఇంకా బాగా అందుతుంది.

పర్లాకిమిడి వడ్రంగి: మూడు చక్రాల కర్రబండిని దీనితో కలపకండి. అది తోసేది, కూర్చునేది కాదు. గోడ పట్టుకుని తనంతట లేచి పక్క అడుగులు వేశాకే ఇవ్వాలి. పిడి రొమ్ము ఎత్తులో ఉండాలి. టైల్స్ మీద బండి జారి ముందుకి పోతే పిల్ల ముక్కు పగులుతుంది. చక్రాలకి సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, అడుగు పలక మీద 2 కిలోల ఇసుక సంచి కట్టండి.

గుణుపూర్ అంగన్‌వాడీ: అంబాడకుండానే నడిచే పిల్లలూ ఉన్నారు. రోజూ నూనె రాసి కాళ్లు చాపితే చాలదా?

బరంపురం ఫిజియో: ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సుమారు 4 శాతం మంది అలాంటివారే. ఒంటరి నడకకి 8 నుంచి 17 నెలలు దాటేదాకా గడువుంది, తొందరేం లేదు. కానీ నడకకి ముందు మెడ నిలవాలి, నూనె రాస్తే అది నిలవదండీ, బోర్లా పడుకోబెడితేనే నిలుస్తుంది. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే ఉండి, 2-3 నిమిషాలతో మొదలుపెట్టి రోజు మొత్తమ్మీద 30 నిమిషాలకి చేర్చాలి. పాలు తాగిన వెంటనే వద్దు, కక్కేస్తారు. బూరుగుదూది పరుపు మీద ముక్కు కూరుకుపోతుంది, మడత బొంత మేలు. మోచేతులు భుజాల కిందికి రావాలి, వెనక్కి పోతే తల ఎత్తలేరు. నిద్ర మాత్రం వెల్లకిలే. 9 నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాది లోపే ఒక్క చెయ్యే వాడుతున్నా మమతా దివస్ (ఒడిశాలో నెలనెలా జరిపే తల్లీబిడ్డల ఆరోగ్య దినం) నాడు చూపించండి.

పర్లాకిమిడి వడ్రంగి: గుమ్మం అడ్డుకి చువ్వలు నిలువుగా పెట్టించండి, అడ్డంగా ఉంటే ఎక్కేస్తారు. సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు, తల ఇరుక్కుంటుంది.