సమస్యాపూరణం: నెమలి పింఛంబునం దెందు నీలి లేదు

నిర్వాహకుడు: ఈ వారపు సమస్య తేటగీతిలో నాలుగవ పాదం. కళ్లెదుట మెరిసే నీలాన్ని లేదనడం అసంగతంగా తోచినా, కాంతిశాస్త్రం తెలిసినవారు దీనిని సమర్థించగలరు.

మొదటి పూరణ (కలంకారీ చిత్రకారిణి, శ్రీకాళహస్తి)

నీలిమందును నూరిన నీలమె యగు;
పురిని నూరిన మిగులును బొగ్గుపొడియె;
వెలుగు నాడించు వలలోని విద్య గాని
నెమలి పింఛంబునం దెందు నీలి లేదు.

సమీక్ష: అమ్మా, నీలిమందుతో రోజూ పనిచేసే చేతికే తట్టే పోలిక ఇది. రంగు పదార్థం ఎంత నలిగినా నీలాన్ని తిప్పి పంపుతూనే ఉంటుంది; పింఛంలోనైతే మెలనిన్ అనే ముదురు గోధుమరంగు పదార్థపు కడ్డీలు సుమారు 140 నానోమీటర్ల ఎడంతో జాలకంలా అమరి ఉండటం వల్ల నీలి కాంతి తరంగాలు ఒకదానినొకటి బలపరచుకొని కంటికి చేరుతాయి, ఆ ఎడం కొంచెం పెరిగిన చోట అదే మెలనిన్ ఆకుపచ్చగానో పసుపుగానో కనబడుతుంది. నూరితే అమరిక చెడుతుంది, వన్నె పోతుంది. ‘వెలుగు నాడించు వల’ ఎంతో అందమైన ఊహ. అయితే మిగిలేది బొగ్గు కాదు, ముదురు గోధుమరంగు పొడి. ‘మిగులును బొడి కపిలము’ అంటే యతి చెడదు, విషయమూ సరిపోతుంది.

రెండవ పూరణ (భౌతికశాస్త్ర అధ్యాపకుడు)

నీట దడిపిన మెఱుపును నిలువదాయె;
తిరిగి యారిన గనుపించి తెలియజేసె
గాలి సందుల యాటయే కాంతివన్నె;
నెమలి పింఛంబునం దెందు నీలి లేదు.

సమీక్ష: నెమలి ఈకను తడిపితే వన్నె పోతుందని ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1665లోనే రాశాడు. సందులలో గాలికి బదులు నీరు చేరినప్పుడు వక్రీభవన భేదం (కాంతిని వంచడంలో ఉండే తేడా) తగ్గి ప్రతిఫలనం బలహీనపడుతుంది. ‘కాంతివన్నె’ సమాసంలో బిగువు లేదు.

మూడవ పూరణ

కన్ను గాంచిన వర్ణంబు కల్ల గాదు;
పొడిని వెదకుట తగదయా, పురిని జూడు;
నిర్మితియె నిజమైనట్టి నీలమయ్యె;
నెమలి పింఛంబునం దెందు నీలి లేదు.

సమీక్ష: ‘నీలివార్త’లో వలె ఇక్కడ నీలికి అబద్ధమని అర్థం. ఆ పదాన్ని విడిగా అలా వాడటం కొంత సాగదీయడమే అయినా, నా మనసు ఈ పూరణ వైపే మొగ్గుతున్నది. పదార్థం ఇచ్చిన రంగు నిజమైతే అమరిక ఇచ్చినదీ నిజమే కదా! పింఛాన్ని తిప్పినప్పుడు వన్నె మారడం దాని స్వభావం.

చిత్రకారిణి: గురువుగారూ, సవరణ స్వీకరించాను. గుడ్డపై నేను వేసే నీలం ఎటు తిప్పినా అలాగే నిలిచిపోతుంది. ఆ కదలిక కోసమే పింఛపు కన్ను చుట్టూ నీలి మీద పసుపు పూసి ఆకుపచ్చను తెప్పిస్తుంటాను.