ప్రయోగం అంటే వదలడమా, పరీక్షించడమా?

సభ్యులందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. మీ సాయం కావాలి.

అంతరిక్ష రంగం ముందు ముందు ఎలా ఉండబోతోందో నిపుణులు మాట్లాడుకున్న కొన్ని ఇంగ్లీషు సంభాషణలను ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు చదువుకునేలా తెలుగులో రాస్తున్నాను. రాకెట్లను తిరిగి దింపి మళ్లీ వాడటం, డబ్బు తీసుకుని ఇతరుల ఉపగ్రహాలను కక్ష్యకు చేర్చడం, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సెలవు తీసుకున్నాక దాని చోటులోకి ఏమి వస్తుంది, 2035 నాటికి మన దేశం కట్టుకోదలచిన కేంద్రం ఎలా ఉంటుంది. ఇవన్నీ తెలుగులో హాయిగానే ఒదిగాయి. కక్ష్య, వాహకనౌక, ఉపగ్రహం వంటి మాటలు మనకు ఎప్పుడో స్థిరపడ్డాయి. నన్ను ఆపింది కొత్త మాట కాదు. రోజూ పత్రికలో చదివే ‘ప్రయోగం’.

లాంచ్ అంటే ఇక పరీక్ష కాదు, రవాణా అనే భావం ఆ సంభాషణల్లో పదే పదే వస్తుంది. దాన్ని తెలుగులో రాయబోతే నా కలం నుంచి వచ్చిన వాక్యం ఇది: ‘ప్రయోగం ఇక ప్రయోగం కాదు.’ చదివిన పిల్లవాడు ఏమనుకుంటాడు?

ఇంకో చోట. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్ తన పని ముగిశాక నాలుగో దశను, అంటే తన చివరి భాగాన్ని కక్ష్యలోనే ఉంచి, దాని మీద 24 పరికరాలతో పరీక్షలు చేయించింది. నేను రాసింది ‘ఒకే ప్రయోగంలో 24 ప్రయోగాలు’. వినడానికి బాగుంది గానీ మొదటి ప్రయోగానికీ రెండో ప్రయోగానికీ సంబంధమే లేదు. కొత్త రాకెట్‌ను తొలిసారి పరీక్షగా పంపడం గురించి రాస్తే ‘ప్రయోగాత్మక ప్రయోగం’ అయింది. అక్కడ కాగితం పక్కన పెట్టేశాను.

ఈ తేడాను ఇస్రో తన రాకెట్ల పేర్లలోనే చూపిస్తుంది. 1979 ఆగస్టు 10న విఫలమైన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 పేరులో ‘ఈ’ అక్షరం ఉంది, అది పరీక్ష దశకు గుర్తు. 1993, 1994, 1996లలో వెళ్లిన మొదటి మూడు పీఎస్‌ఎల్‌వీలు డీ1, డీ2, డీ3. ఆ ‘డీ’ అభివృద్ధి దశకు గుర్తు. 1997 నుంచి ‘సీ’ వచ్చింది, అంటే పరీక్షలు ముగిసి పనిలోకి దిగిన రాకెట్ అన్నమాట. జీఎస్‌ఎల్‌వీకి డీ తరువాత ఎఫ్. ఇంజినీర్లు ఒక అక్షరంతో స్పష్టంగా విడదీసిన దాన్ని మనం ఒకే మాటతో కలిపేస్తున్నాం. 1993 సెప్టెంబరు 20న డీ1 పడిపోయినప్పుడూ ‘ప్రయోగం విఫలం’ అనే అంటాం, 2025 మే 18న సీ61 మూడో దశలో దెబ్బతిని ఈఓఎస్-09 ఉపగ్రహం పోయినప్పుడూ అదే అంటాం. మొదటిది నేర్చుకునే దశలోని ఓటమి. రెండోది ఏళ్ల తరబడి పనిచేస్తూ వచ్చిన బండి దారిలో ఆగిపోవడం. ఆ తేడా పిల్లలకు మాటలోనే తెలియాలని నా ఆరాటం.

ప్రయోగం మానేద్దామా? మానేస్తే ఏమి వాడదాం?

విద్యానగర్ నుంచి, సంస్కృతం చెప్పే అధ్యాపకురాలు:

మాస్టారూ, ఆ మాటను అంత త్వరగా పక్కన పెట్టకండి. ప్రయోగానికి మూలం యుజ్ ధాతువు. కలపడం, కాడికి కట్టడం దాని అర్థం. యోగం, ఉద్యోగం, వియోగం, వినియోగం అన్నీ ఆ ఇంటి పిల్లలే. ఉన్న శక్తిని పనికి పూన్చడం ప్రయోగం. వ్యాకరణంలో కర్మణి ప్రయోగం, నిఘంటువులో కవి ప్రయోగం, పోలీసుల బాష్పవాయు ప్రయోగం, పల్లెలో ఎవరికైనా జబ్బు చేస్తే ‘ఎవరో ప్రయోగం చేశారు’ అనడం, అన్నింటిలోనూ ఉన్నది ఈ పూన్చడమే. ‘పరీక్షించి చూడటం’ అనే అర్థం బడిలోని ప్రయోగశాలతో బలపడింది. రాకెట్‌కు మాత్రం ఆ మాట ప్రయోగశాల నుంచి వచ్చినట్టు లేదు. అస్త్రప్రయోగం నుంచి వచ్చి ఉంటుంది. ఇంగ్లీషు లాంచ్ కూడా మొదట బల్లెం విసరడమే. కాబట్టి తప్పు మాట వాడుతున్నామన్న బాధ మీకు అక్కరలేదు.

ఇంకొక సంగతి. మన పురాణాల్లో ప్రయోగానికి జోడు ఉపసంహారం. అస్త్రాన్ని వేయడం తెలిసినవాడికి వెనక్కి తీసుకోవడమూ తెలియాలి. బాలకాండలో విశ్వామిత్రుడు అస్త్రాలు ఇవ్వగానే రాముడు వాటి ఉపసంహారం కూడా చెప్పమని అడుగుతాడు. మహాభారతం సౌప్తిక పర్వంలో అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కి తీసుకోగలిగాడు, అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. 2015 డిసెంబరులో స్పేస్‌ఎక్స్ సంస్థ రాకెట్ ఫాల్కన్-9 మొదటి దశ పైకి వెళ్లి తిరిగి నేల మీద నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ ఘట్టమే. అంతవరకూ కక్ష్యకు రాకెట్లు పంపినవారిలో ఎక్కువమంది అశ్వత్థామ పక్షమే కదా, వేయడమే గానీ తెచ్చుకోవడం లేదు. తిరిగొచ్చే రాకెట్‌కు ఉపసంహారం అని మీ పుస్తకంలో రాయండి. పిల్లలకు కథ కూడా చెప్పినట్టవుతుంది.

ఒక దినపత్రికలో ఉపసంపాదకుడు:

అమ్మా, పోలిక చాలా గొప్పగా ఉంది. నేను దాచుకుంటాను. కానీ పత్రికలో ‘రాకెట్ ఉపసంహరణ’ అని పెడితే పాఠకుడు ప్రయోగం రద్దయిందనుకుంటాడు. నామినేషన్ల ఉపసంహరణ, సమ్మె ఉపసంహరణ అని రాసీ రాసీ ఆ మాటను మేమే అటు నడిపించాం. కథలో చెప్పడానికి బాగుంటుంది, వాక్యంలో పనికి రాదు.

మాస్టారు అడిగిన తేడాను క్షిపణుల విషయంలో మనం కొంతవరకు ఇప్పటికే పాటిస్తున్నాం, గమనించారా? ఒడిశా తీరంలో అగ్నినో ఆకాశ్‌నో పరీక్షగా పంపితే తరచుగా ‘క్షిపణి పరీక్ష’ అంటాం. యుద్ధంలో వేస్తే ‘క్షిపణి ప్రయోగం’ అంటాం. అంటే అక్కడ ప్రయోగం అసలు పని, పరీక్ష వేరు. రాకెట్ల దగ్గరే రెండూ కలిసిపోయాయి. మన తొలి రాకెట్లు వెళ్లిన రోజుల్లో పంపిన ప్రతిదీ పరీక్షే కాబట్టి ఆనాడు ఎవరికీ ఇబ్బంది తోచి ఉండదు. ఇవాళ ఇబ్బంది ఎక్కువగా ‘వాణిజ్య ప్రయోగం’ దగ్గర వస్తోంది. 2007 ఏప్రిల్‌లో ఇటలీ ఉపగ్రహాన్ని పీఎస్‌ఎల్‌వీ-సీ8 తీసుకెళ్లింది. ఎల్‌వీఎం-3 రాకెట్లు 2022లో 36, 2023లో మరో 36 ఉపగ్రహాలను వన్‌వెబ్ అనే విదేశీ సంస్థ కోసం చేర్చాయి. ఇవి వాణిజ్య ప్రయోగాలు అంటే, వ్యాపారంలో ఏదో కొత్త పోకడ పోయి చూశారన్నట్టు ధ్వనిస్తుంది.

బేగంపేట నుంచి, అనువాదకుడు:

ఇరుగుపొరుగు భాషలు ఏమి చేశాయో చూద్దాం. హిందీలో ప్రక్షేపణ్, మలయాళంలో విక్షేపణం. రెండూ విసరడం అనే అర్థమున్న క్షిప్ ధాతువు నుంచి వచ్చినవే. ఆ ధాతువును మనం క్షిపణికి ఇచ్చేశాం. కన్నడంలో ఉడావణె, అంటే ఎగరవేత. తమిళంలో ఏవుదల్, బాణాన్ని పంపినట్టు పంపడం. పాత తెలుగులో మనకూ ‘ఏయు’ ఉంది, కావ్యాల్లో వీరులు శరాలను ఏస్తారు. ఈ నాలుగు భాషల్లోనూ పంపడానికి ఒక మాట, పరీక్షకు వేరే మాట. ఇద్దరు కూర్చోవలసిన బల్ల మీద ఒక్కరినే కూర్చోబెట్టింది మనమే. కన్నడం బాటలో ‘ఎగరవేత’ అంటే ఎలా ఉంటుంది?

(అన్నట్టు, నాగార్జునసాగర్‌లో మనం ఎక్కే లాంచీకీ ఈ లాంచ్‌కూ చుట్టరికం లేదు. పడవ మాట పోర్చుగీసు వైపు నుంచి వచ్చింది. ఎవరో ఒకరు అడుగుతారని ముందే చెప్పాను.)

సూళ్లూరుపేటలో పుట్టి ఇప్పుడు మియాపూర్‌లో ఉంటున్న సభ్యుడు:

మాస్టారూ, మా ఊళ్లో ఎవరూ ప్రయోగం అనరు. ‘ఈ రోజు రాకెట్ వదులుతున్నారు’ అంటారు. నా చిన్నప్పుడు మా అమ్మ వంట మధ్యలో వదిలి వచ్చి ‘వదిలేస్తున్నారు, మేడ మీదికి రండి’ అని కేకవేసేది. పులికాట్ వైపు ముందు వెలుగు కనిపించేది. శబ్దం ఎంతో సేపటికి వచ్చేది, కిటికీ తలుపులు గడగడలాడేవి. షార్‌లో, అంటే శ్రీహరికోట అంతరిక్ష కేంద్రంలో పనిచేసి వచ్చిన మా బాబాయి కూడా ఇంట్లో వదలడం అనే అనేవాడు. పొద్దున్నే పత్రికలో ప్రయోగం అని చదివి, సాయంత్రం వదలడం చూసేవాళ్లం. రెండూ ఒకటేనని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

ఎగరవేత అంటే నాకు గాలిపటం, జెండా గుర్తొస్తాయి. వాటి దారం మన చేతిలో ఉంటుంది. రాకెట్‌కు దారం లేదు.

మొదటి టపా రాసిన మాస్టారు:

నాయనా, నాలుగు రోజులుగా నేను వెతుకుతున్నది నీ దగ్గర ఉంది. బాణం వదలడం, తారాజువ్వ వదలడం, ప్రాజెక్టు నుంచి కాలువకు నీళ్లు వదలడం, సాయంత్రం బడి వదలడం, కార్తికంలో దొన్నెలో దీపం పెట్టి కోనేట్లో వదలడం. పట్టి ఉంచిన దాన్ని దాని దారిన సాగనివ్వడం, ఆ తరువాత మన చేతిలో లేకపోవడం, రెండూ ఈ ఒక్క మాటలో ఉన్నాయి. పైగా పరీక్ష అనే నీడ దీని మీద లేదు. ఈ మాటకు ఇంత పరిధి ఉందని తెలుగు పాఠాలు వింటూ పెరిగిన నాకు ఇంతవరకూ తట్టలేదు.

ఉపసంపాదకుడు:

బాగుంది, కానీ జాగ్రత్త. వదలడం వేరు, వదిలేయడం వేరు. వారి అమ్మగారు మేడ మీదికి పిలుస్తూ ‘వదిలేస్తున్నారు’ అంటే ఇప్పుడే పంపేస్తున్నారని అర్థం. అదే పత్రికలో ‘రాకెట్‌ను వదిలేశారు’ అని రాస్తే ఆ పని విరమించుకున్నారని చదువుకుంటారు. పైగా సమాసాల్లో ఒదిగే నామవాచకం దీనికి లేదు. ‘వదులు’ అంటే బిగువు లేనిది. వదలడం కేంద్రం, వదలడం వేదిక అని రాయలేం. ప్రయోగ కేంద్రం, ప్రయోగ వేదిక ఉండాల్సిందే.

నగర శివారులో ఉపగ్రహ భాగాలు కూర్చే చిన్న సంస్థలో ఇంజినీరు:

మాస్టారూ, నమస్తే. మేము పనిలో లాంచ్ అనే అంటాం, మీ ప్రశ్న చదివేదాకా తెలుగు మాట గురించి ఆలోచించలేదు. మా పనిలో మీ తేడా ప్రతి రోజూ కనిపిస్తుంది. ప్రతి పరికరానికీ రెండు నమూనాలు చేస్తాం. ఒకదాన్ని వేడిలో, చలిలో పెట్టి, బల్ల మీద ఊపి, దాని హద్దు ఎక్కడుందో చూస్తాం. రెండోది పైకి వెళ్లేది, దాన్ని చేతికి తొడుగు లేకుండా ముట్టుకోం. మొదటిది ప్రయోగానికి, రెండోది ప్రయోగానికి అని తెలుగులో చెప్తే మా అమ్మమ్మకు ఏమీ అర్థం కాదు.

ఒక మాట ఒప్పుకోవాలి. రెండు అర్థాలూ నిజంగా కలిసే రోజులూ ఉంటాయి. 2022 నవంబరు 18న మన హైదరాబాద్ సంస్థ స్కైరూట్ పంపిన విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి వచ్చి సముద్రంలో పడింది. దేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసి పంపిన మొదటి రాకెట్ అదే. దాన్ని వదిలారు, అది పరీక్ష కూడా. అక్కడ ప్రయోగం అంటే రెండు విధాలా సరిపోతుంది. ఆ రోజు మా బృందమంతా ఒకే ఫోను చుట్టూ నిలబడి చూశాం.

కక్ష్యకు చేర్చే పని గురించి రాసేటప్పుడు ‘చేరవేత’ వాడతారా? మాకు ఉపగ్రహం పైకి వెళ్లడం ఒక్కటే చాలదు. ఎంత ఎత్తులో, ఏ వాలులో విడిచారన్నదే ముఖ్యం. పైకి వెళ్లి తప్పు కక్ష్యలో పడితే చేరినట్టు కాదు. డబ్బు కట్టినవాడు అడిగేది చేరిందా లేదా అనే.

సంస్కృతం అధ్యాపకురాలు:

చేరవేత చాలా చక్కని మాట, అమ్మాయ్. వార్తల చేరవేతలో ఎప్పటి నుంచో ఉన్నదే. ఉపసంహారాన్ని కథకే ఉంచుదాం, నాకు అభ్యంతరం లేదు. మాస్టారు ఆ కథను మాత్రం విడిచిపెట్టకూడదు.

మాస్టారు:

విడిచిపెట్టనమ్మా, తిరిగొచ్చే రాకెట్ల అధ్యాయం అర్జునుడితోనే మొదలవుతుంది.

అందరి మాటా విని రాత్రి మళ్లీ రాశాను. ‘ప్రయోగం ఇక ప్రయోగం కాదు’ ఇప్పుడు ఇలా ఉంది: ‘ఒకప్పుడు రాకెట్ వదిలిన ప్రతిసారీ అది ఒక పరీక్ష. ఇప్పుడు అది సరుకు చేరవేత.’ రెండోది: ‘ఆ రాకెట్ వదిలాక దాని నాలుగో దశ మీద 24 పరికరాలతో పరీక్షలు చేశారు.’ వాణిజ్య ప్రయోగం పోయి ‘కిరాయి చేరవేత’ వచ్చింది. కిరాయి అనగానే మన నగరంలో ఆటో, ఇల్లు గుర్తొస్తాయి, పిల్లలు వెంటనే పట్టుకుంటారు. ప్రయోగ కేంద్రం, ప్రయోగ వేదిక అలాగే ఉన్నాయి. విక్రమ్-ఎస్ దగ్గర మాత్రం ప్రయోగమే ఉంచాను, అది రెండు విధాలా నిజమని పక్కన ఒక వాక్యం చేర్చాను.

తేలనిది ఒకటి ఉంది. 2024 మే 19న విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర అమెరికా సంస్థ బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో వంద కిలోమీటర్లు దాటి వచ్చారు. 1984లో వెళ్లిన రాకేశ్ శర్మనూ, 2025లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లి 18 రోజులు పనిచేసి వచ్చిన శుభాంశు శుక్లానూ వ్యోమగామి అంటున్నాం. ప్రయాణికుడిగా వెళ్లినవారినీ అదే అనాలా? దీన్ని వేరే టపాగా పెడతాను.

ఉపసంపాదకుడు:

తప్పకుండా పెట్టండి మాస్టారూ. రెండో వాక్యంలో ‘వదిలాక’ కన్నా ‘ఉపగ్రహాలను విడిచాక’ మంచిది. నాలుగో దశ పని మొదలయ్యేది రాకెట్ వదిలినప్పుడు కాదు, ఉపగ్రహాలు విడిపోయాక.

మాస్టారు:

నిజమే. మార్చాను.