మనసు దిగులుగా ఉన్నప్పుడు మీకు ఊరటనిచ్చిన చిన్న విషయాలు ఏమిటి?

వేకువ

కొంతకాలంగా నా మనసు దిగులుగా ఉంటోంది. చెప్పుకోదగ్గ కష్టమేదీ లేదు, రోజువారీ పనులు ఆగిపోలేదు, అయినా దేనిమీదా మనసు నిలవడం లేదు. ఇష్టమైన పని ఏదైనా చేయమని దగ్గరివాళ్లు చెబుతున్నారు. అసలు ఇష్టమే పుట్టనప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు. ఇలాంటి రోజులను దాటినవారు, ఏ చిన్న పని మీకు కాస్త తెరిపినిచ్చిందో, దాన్ని ఎలా మొదలుపెట్టారో వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

నిదానం

వేకువ గారూ, ఇష్టం పుట్టేదాకా ఆగకూడదన్నదే నా అనుభవం. ఒకదాన్ని కోరుకోవడం, దాన్ని ఆస్వాదించడం అనేవి మెదడులో వేరువేరు వ్యవస్థలపై ఆధారపడతాయని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెర్రిడ్జ్ పరిశోధనలు చూపాయి. మెదడులో సంకేతాలను చేరవేసే డోపమైన్ అనే రసాయనం దాదాపుగా లేకుండా చేసిన ఎలుకలు ఆహారం వెతుక్కోవడం మానేశాయి గానీ, తియ్యని ద్రావణం నోట్లో వేస్తే మాత్రం మామూలు ఎలుకల్లాగే దాన్ని ఆస్వాదించినట్లు నాలుక చప్పరించాయి. మనిషి దిగులును ఎలుకలతో పూర్తిగా పోల్చలేం. అయినా ఇది చదివిన తరువాత నాకు ధైర్యం కలిగింది, ఎందుకంటే చేయాలనిపించనంత మాత్రాన, చేసినా బాగుండదని అనుకోనక్కరలేదు.

నా వరకు ఆ పని ఆరిన బట్టలు మడతపెట్టడం. ఎండలోంచి అప్పుడే తీసిన నూలు బట్టలో కాసేపు వెచ్చదనం నిలిచి ఉంటుంది. అంచులు కలిపి పట్టుకుని ఒక్కసారి విదిలిస్తే చిన్న చప్పుడవుతుంది, అరచేత్తో రాస్తే ముడతలు సర్దుకుంటాయి, కుట్టు దగ్గర మాత్రం గుడ్డ ఇంకా కొంచెం చెమ్మగా తగులుతుంది. చేతులకు పని దొరికి, కళ్లెదుట ఒక దొంతర పెరుగుతూ ఉంటే, తలలో సుడులు తిరుగుతున్న ఆలోచన అంతసేపూ కాస్త పక్కకు తప్పుకుంటుంది. దిగులు పోతుందని చెప్పను, దాని పట్టు సడలుతుంది.

చేదోడు

మానసిక ఆరోగ్య సేవల్లో పనిచేస్తున్న వ్యక్తిగా నిదానం గారి మాటకు కొంత చేర్చాలనుకుంటున్నాను. మనిషి జీవితంలో సంతోషాన్నిచ్చే అనుభవాలు తగ్గినకొద్దీ కుంగుబాటు పెరుగుతుందని, ఆ కుంగుబాటు వల్ల మనిషి మరింత ముడుచుకుపోవడంతో ఆ అనుభవాలు ఇంకా తగ్గుతాయని 1970లలో మనస్తత్వవేత్త పీటర్ లూయిన్‌సన్ వివరించారు. ఈ వలయాన్ని ఆలోచనల వైపు నుంచి కాకుండా పనుల వైపు నుంచి తెంచడం ఒక చికిత్సా పద్ధతిగా ఎదిగింది. నీల్ జాకబ్‌సన్ బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో, రోజువారీ పనులను క్రమంగా పెంచుకునే పద్ధతి ఒక్కటే అనుసరించినవారు, ఆలోచనలను సరిదిద్దే చికిత్సను పూర్తిగా పొందినవారితో దాదాపు సమానంగా కోలుకున్నారు.

ఆచరణలో నేను ఎక్కువగా సూచించేది ఒకటుంది. పని మొదలుపెట్టే ముందు అది ఎంత హాయినిస్తుందనుకుంటున్నారో 0 నుంచి 10 లోపు ఒక అంకె కాగితం మీద వేసుకోండి, పని అయ్యాక నిజంగా ఎంత అనిపించిందో పక్కనే వేయండి. కుంగిన మనసు రాబోయే హాయిని తక్కువగా అంచనా వేస్తుంది కాబట్టి, చాలాసార్లు రెండో అంకె మొదటిదానికన్నా కొంచెమైనా పెద్దదిగా ఉంటుంది. మనసు నమ్మించే మాటకన్నా మన చేతిరాతతో ఉన్న ఆ రెండు అంకెలు గట్టి సాక్ష్యం. ఎంచుకునే పని కూడా వీలైనంత చిన్నదిగా ఉండాలి. వాకింగ్‌కు వెళ్లాలని కాకుండా, చెప్పులు వేసుకుని గుమ్మం దాటాలని నిర్ణయించుకుంటే చాలు.

అయితే దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలపాటు కొనసాగితే వైద్యులను తప్పక కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రెండు వారాలు కూడా ఆగకూడదు, ఆ క్షణమే ఎవరితోనైనా చెప్పాలి. చిన్న సంతోషాలు చికిత్సకు తోడు మాత్రమే.

వానచినుకు

నాకు వేడినీళ్ల స్నానం. పడుకోవడానికి ఒకటి రెండు గంటల ముందు చేస్తే, ఆ తరువాత శరీరపు లోపలి వేడి త్వరగా తగ్గి నిద్ర తేలికగా పడుతుంది. దిగులుగా ఉన్న రాత్రుల్లో నిద్ర పట్టడమే నాకు పెద్ద ఊరట, అందుకే మిగతావన్నీ దీని తరువాతే.

కిటికీ

నా తల్లిగారి అనారోగ్యంతో చాలాకాలం ఆసుపత్రిలో గడపవలసి వచ్చింది. ఆ గదిలో నాకు దొరికిన ఏకైక సంతోషం కిటికీ బయటి చెట్టు. ఆకుల వెనకవైపు రంగు పాలిపోయి ఉండేది. గాలి వీచినప్పుడు చెట్టంతా ఒక్కసారి తెల్లబడి, మళ్లీ పచ్చబడేది. అమ్మ కూడా దాన్నే చూసేవారు, దాని గురించి మేం మాట్లాడుకున్నది మాత్రం తక్కువ. పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో, కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు ఇటుకగోడ మాత్రమే కనిపించినవారికన్నా త్వరగా ఇంటికి వెళ్లారని, బలమైన నొప్పి మందులు తక్కువగా వాడారని 1984లో రోజర్ ఉల్రిచ్ ప్రచురించిన అధ్యయనం గురించి తరువాత చదివాను. అది 46 మందితో చేసిన చిన్న అధ్యయనమే, అయినా ఆ గదిలో ఉన్న నాకు అది పూర్తిగా నిజమనిపించింది.

మౌనం

అందరి మాటలూ గౌరవంతో చదివాను, అయినా ఒక విషయం చెప్పకుండా ఉండలేను. ఆత్మీయులను పోగొట్టుకున్నవారికి చిన్న చిన్న ఆనందాల గురించి చెప్పడం ఒక్కోసారి చాలా బాధిస్తుంది. నాన్న పోయిన కొత్తలో, పాటలు విను, మొక్కలు పెంచుకో అని ఎవరైనా అంటే, నా దుఃఖాన్ని త్వరగా ముగించమని చెబుతున్నట్లు వినిపించేది. పైగా ఎప్పుడైనా కాస్త నవ్వు వస్తే, అది ఆయనకు చేసిన ద్రోహంలా తోచేది. దుఃఖానికి ఏడుపు కూడా అవసరమే. దాని మీద సంతోషాన్ని కప్పడానికి ప్రయత్నించకూడదని నా దృఢమైన అభిప్రాయం.

వేకువ

మౌనం గారూ, మీ మాట మనసుకు హత్తుకుంది. చేదోడు గారు చెప్పిన అంకెలు రాసుకోవడం మొదలుపెట్టాను. అయితే మొక్కలకు నీళ్లు పోస్తూ సగంలోనే మళ్లీ పాత ఆలోచనల్లోకి వెళ్లిపోతున్నాను. ఫోన్ చూస్తుంటే మాత్రం ఆలోచనలు రావు, కానీ పక్కన పెట్టగానే ముందుకన్నా ఎక్కువ అలసట కలుగుతోంది. దీనికేమైనా మార్గముందా?

పాతపుస్తకం

ఫోన్ దృష్టిని మళ్లిస్తుందే గానీ, దానితో గడిపిన సమయంలో జ్ఞాపకం ఉంచుకోదగినది ఏమీ మిగలదు, మీ అలసటకు అదే కారణమని నాకు అనిపిస్తుంది. అనుభవాన్ని నిలిపి ఆస్వాదించడంపై మనస్తత్వవేత్తలు ఫ్రెడ్ బ్రయంట్, జోసెఫ్ వెరాఫ్ చాలాకాలం పరిశోధన చేసి 2007లో ఒక పుస్తకం వెలువరించారు. సంతోషం కలగడం ఒకటి, దాన్ని గమనించి పొడిగించుకోవడం మరొకటి అని, ఈ రెండోది సాధనతో అలవడుతుందని వారు చెబుతారు. ఆ అనుభవాన్ని మరొకరితో పంచుకోవడం, ఒక్క ఇంద్రియం మీదే దృష్టి నిలపడం వారు వివరించిన మార్గాల్లో ఉన్నాయి. నీళ్లు పోసేటప్పుడు పొడిమట్టి నీటిని పీల్చుకునే చప్పుడు మాత్రమే వినండి. ఆలోచన మళ్లీ వస్తుంది, రానివ్వండి. వచ్చిందని గుర్తించి తిరిగి ఆ చప్పుడు దగ్గరికి రావడమే సాధన.

నిదానం

మౌనం గారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దుఃఖంలో ఉన్న మిత్రుడికి ఏం చేయాలో చెప్పడం మానేసి, నేనే వెళ్లి ఆయన ఇంట్లో ఏదో ఒక పని అందుకునేవాడిని. ఒకసారి పుస్తకాల అలమర దుమ్ము దులుపుతుంటే ఆయన వచ్చి పక్కన కూర్చుని, ఒక్కొక్క పుస్తకం తుడిచి అందించారు. ఆ మధ్యాహ్నమంతా మేం మాట్లాడుకున్నది ఏ పుస్తకం ఏ అరలో పెట్టాలన్నదే. మరుసటి వారం మిగిలిన అరలు సర్దుదామని ఆయనే కబురు చేశారు.