ఇంట్లో క్రిస్మస్ గిఫ్టులు ఆపి చీటీలు వేద్దామన్నాను, తప్పా?

తెనాలి పెద్దోడు (డిసెంబర్ 3, రాత్రి 9:40)
అందరికీ వందనాలు. ప్రతి క్రిస్మస్‌కి అమ్మ దగ్గర అందరం కలుస్తాం. మా ముగ్గురి సంసారాలు, పిన్ని వాళ్లు కలిపి 19 మంది. చిన్నప్పుడు నాన్న నవంబర్‌లోనే ఒక తాను గుడ్డ తెచ్చేవారు. నాకూ తమ్ముడికీ అందులోంచే చొక్కాలు, మిగిలిన ముక్కతో చెల్లికి గౌను. 24 రాత్రి ఆరాధనలో మమ్మల్ని చూస్తే ఎవరి పిల్లలో అడగక్కర్లేదు. ఆ గుడ్డకి గంజి వాసన ఇంకా పోయేది కాదు, మెడ దగ్గర గీరుకునేది. అయినా విప్పేవాళ్లం కాదు. గిఫ్టు అనే మాటే మా ఇంట్లో లేదు. కొత్త బట్టలు, అరిసెలు, కేకు, అంతే.

ఇప్పుడు తమ్ముడు డాలస్ నుంచి రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కేజీలు, నింపుకుని వస్తాడు. హాలు మధ్యలో పెట్టి తెరుస్తాడు. పోయినేడు నేను కొన్న బట్టల కవరు రాత్రి దాకా సోఫా పక్కనే ఉండిపోయింది. మా చిన్నది బాబాయి ఇచ్చిన ట్యాబ్ పట్టుకుని ‘నువ్వేం తెచ్చావు నాన్నా’ అంది. అందుకే ఈసారి చీటీలు వేద్దామన్నాను. ఎవరి పేరొస్తే వాళ్లకి ఒక్క గిఫ్టు, 500 రూపాయలు దాటకూడదు. తమ్ముడు ‘చూద్దాం’ అన్నాడు. చెల్లి ఫోన్ పెట్టేసింది. ఇందులో తప్పేముంది?

కొబ్బరితోట (రాత్రి 9:58)
మా ఇంట్లో నాలుగేళ్లుగా ఇదే పద్ధతి. లిమిట్ 300. హాయిగా ఉంది.

లెక్కల మాస్టారు (రాత్రి 10:15)
దీని మీద పేరున్న ఒక పరిశోధన ఉంది. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో రాశారు. క్రిస్మస్‌కి వచ్చిన వస్తువుల ధర ఎంత ఉంటుంది, వాటికి మీరు ఎంత విలువ కడతారు అని అమెరికాలో కాలేజీ విద్యార్థులను అడిగారు. ధరలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా గాలికి పోతోందని తేలింది. స్నేహితులు ఇచ్చిన వాటిలో నష్టం తక్కువ. తాతయ్యలు, మామయ్యలు, అత్తయ్యలు ఇచ్చిన వాటిలో ఎక్కువ. దూరంగా ఉండేవాళ్లకి మనకేం కావాలో తెలియదు కదా. కవర్లో డబ్బు పెట్టి ఇవ్వండి, ఎవరికీ టెన్షన్ ఉండదు.

గోదావరి ఆడపడుచు (రాత్రి 10:31)
తెనాలి అన్నయ్య గారూ, ఒక్కటే ప్రశ్న. ఆ 500లో పుట్టింటి చీర కూడా కలిపారా?

తెనాలి పెద్దోడు (రాత్రి 10:36)
కలిపే చెప్పానమ్మా. అందరికీ ఒకటే రూల్.

గోదావరి ఆడపడుచు (రాత్రి 11:02)
అయితే మీ చెల్లెలు ఫోన్ పెట్టేయడం న్యాయమే. చీర గిఫ్టు కాదు. బొమ్మ, వాచీ, ట్యాబ్, ఇవన్నీ గిఫ్టులు, ఇచ్చినా ఇవ్వకపోయినా నష్టం లేదు. పుట్టింటి చీర అలా కాదు. నాకు పెళ్లయి 22 ఏళ్లు. నాన్న ఉన్నన్నాళ్లూ డిసెంబర్ 20 లోపల చీర వచ్చేది. ఆయన రాలేకపోతే మా ఊరి బస్సు కండక్టర్‌కి ఇచ్చి పంపేవారు. బస్టాండ్‌కి వెళ్లి తీసుకునేదాన్ని. ఆరాధనకి ఆ చీరే కట్టేదాన్ని. మా అత్తగారు చర్చిలో పక్కవాళ్లతో ‘పుట్టింటివాళ్లు పెట్టారు’ అని చెప్పేవారు. ఆ ఒక్క మాటతో అత్తింట్లో నా తల ఏడాదంతా నిలబడేది. దాన్ని గిన్నెలో వేసి చీటీ తీస్తారా?

తెనాలి పెద్దోడు (రాత్రి 11:10)
చీర గిఫ్టు కాకపోతే మరేంటి?

గోదావరి ఆడపడుచు (రాత్రి 11:11)
సారె.

అయ్యగారబ్బాయి (డిసెంబర్ 4, ఉదయం 6:20)
వందనాలు. అసలు సంగతి పక్కకి పోతోంది. మత్తయి సువార్తలో జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చింది శిశువుకి. వాళ్లలో వాళ్లు ఇచ్చుకోలేదు. (వాళ్లు ముగ్గురని కూడా అక్కడ లేదు, కానుకలే మూడు.) పిల్లలకి కానుకలిచ్చే అలవాటు నికొలాసు అనే బిషపు పేరు మీద వచ్చింది. ఆయనది మైరా, ఇప్పటి టర్కీలో ఉంది. యూరప్‌లో చాలాచోట్ల ఈనాటికీ ఆయన పండుగ డిసెంబర్ 6కే పిల్లలకి కానుకలు పెడతారు. మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన చర్చి సంస్కరణ తర్వాత లూథరన్ ప్రాంతాల్లో ఆ అలవాటు క్రిస్మస్‌కి జరిగింది. గుంటూరుకి లూథరన్ మిషనరీ హేయర్ గారు వచ్చింది 1842లో. అంటే ఇదంతా నేర్చుకున్న అలవాటే, మానుకుంటే పాపం లేదు. ఆ డబ్బుతో సంఘంలో ఒక విధవరాలికి దుప్పటి కొనండి.

గోదావరి ఆడపడుచు (ఉదయం 6:41)
బాబూ, దుప్పటి కూడా కొంటాం. దుప్పటి కోసం ఆడపిల్ల చీర ఆపమని మత్తయి రాయలేదు.

నర్సాపురం కోడలు (ఉదయం 8:05)
మాది మతాంతర వివాహం, నాది హిందూ కుటుంబం. మా పుట్టింట్లో సంక్రాంతికి పెడతారు, ఇక్కడ క్రిస్మస్‌కి పెడతారు. పేరు ఏదైనా చీర చీరే. ఆవిడ చెప్పింది నాకు అర్థమైంది.

తెనాలి పెద్దోడు (ఉదయం 8:30)
మంచి చీర అంటే 2000కి తక్కువ రాదు. చెల్లికి చీర, బావకి బట్టలు, ఇద్దరు పిల్లలకి. తర్వాత తమ్ముడి భార్యకి పెట్టకపోతే మాట వస్తుంది. పిన్నికి పెట్టకపోతే అమ్మ బాధపడుతుంది. ఒకసారి ‘ఇది సారె, ఇది గిఫ్టు’ అని గీత గీస్తే ఆ గీత ఎక్కడ ఆగుతుంది? అందుకే అందరికీ 500 అన్నాను.

గోదావరి ఆడపడుచు (ఉదయం 8:44)
500కే చీర కొనండి. నేను ధర అడగలేదు. మా తమ్ముడు మూడేళ్ల కిందట పంపిన చీర చెప్తా వినండి. మడత విప్పితే లోపల ఒక చీటీ ఉంది. ‘గృహప్రవేశ శుభాకాంక్షలతో’ అని ఎవరిదో రాత. వాళ్ల ఇంటి ఫంక్షన్‌కి వచ్చిన చీర, తీసి చూడకుండా నాకు పంపేశాడు. ఆ చీర ఖరీదు 3000 పైనే ఉంటుంది. నేను ఈరోజుకీ కట్టలేదు. నాన్న పంపింది 350 నేత చీర, మూడు చోట్ల రఫూ చేయించి దాచుకున్నా.

లెక్కల మాస్టారు (ఉదయం 9:10)
అంటే 3000 చీర విలువ మీ దృష్టిలో సున్నా, 350 చీరది వేలు. నేను చెప్పింది అదే కదా. కవర్లో డబ్బు పెట్టమన్నది అందుకే.

న్యూజెర్సీ నాని (ఉదయం 10:25)
సూట్‌కేసు గురించి ఒక మాట చెప్పాలి. ఆ తమ్ముడు నేను కాదు, కానీ నాదీ అదే పరిస్థితి. హాల్లో తెరవడం మీకు షో లాగా కనిపించి ఉండొచ్చు. అది నింపడానికి నాకు రెండు నెలలు పడుతుంది. పోయినసారి అన్నయ్య కొడుకు పాదాన్ని కాగితం మీద గీసి వాట్సాప్‌లో పంపమన్నా. ఆ కొలత పట్టుకుని నాలుగు షాపులు తిరిగి బూట్లు కొన్నా. బరువు 23 దాటితే నా బట్టలు తీసేసి ఆ బూట్లు పెట్టా. నాన్న ఆపరేషన్ అప్పుడు నేను రాలేకపోయాను, లీవు దొరకలేదు. మిగతా 11 నెలలు ఏమీ చేయలేనివాడికి ఆ పెట్టె ఒక్కటే దారి. దానికీ 500 లిమిట్ పెడితే ఉత్త చేతులతో దిగాలి.

తెనాలి పెద్దోడు (ఉదయం 10:50)
నాని గారూ, ఆపరేషన్ అప్పుడు మీ అన్నయ్య ఎన్ని రాత్రులు హాస్పిటల్ బల్ల మీద పడుకున్నాడో ఎవరైనా రాశారా? నేను చెప్తా. అమ్మకి వారానికి రెండుసార్లు డయాలసిస్. తెల్లవారుజామున 5 గంటలకి తీసుకెళ్తే ఇంటికి వచ్చేసరికి 11 దాటుతుంది. షాపు తాళం మధ్యాహ్నం దాకా తీయను. ఇదంతా ఏ సూట్‌కేసులో పట్టదు, హాల్లో తెరవడానికి లేదు. అమ్మ మాత్రం డాలస్ నుంచి వచ్చిన స్వెట్టర్ వేసుకుని చర్చిలో అందరికీ చూపిస్తుంది. తెనాలిలో స్వెట్టర్. ఉక్కపోస్తున్నా విప్పదు.

కొబ్బరితోట (ఉదయం 10:58)
పెద్దోడు గారూ, మీ బాధ 500 కాదన్నమాట.

తెనాలి పెద్దోడు (ఉదయం 11:04)
కాదు. అందరూ ఒకే గీత మీద నిలబడే రోజు ఏడాదికి ఒక్కటైనా ఉండాలని. ఈ ఆడపడుచు గారేమో చీర, చీర అని అక్కడే ఆగిపోయారు. మీకు పెళ్లప్పుడు కట్నం ఇచ్చారు కదండీ, ఇంకా ఎన్నాళ్లు పెట్టాలి?

గోదావరి ఆడపడుచు (ఉదయం 11:32)
కట్నం మా మామగారి అప్పుకి పోయింది. నా చేతిలో పడలేదు. అడిగారు కాబట్టి చెప్తున్నా. నాన్న పోయాక 2016లో తమ్ముడు నన్ను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్లాడు. 60 సెంట్ల స్థలం, పాత ఇల్లు. నా వాటా వదులుకున్నట్టు రిలీజ్ డీడ్ మీద సంతకం పెట్టించుకున్నాడు. నేను ఇష్టంగానే పెట్టాను, వాడి సంసారం అప్పటికి నిలదొక్కుకోలేదు. బయటికి వచ్చాక చెట్టు కింద నిలబడి ‘అక్కా, క్రిస్మస్‌కి చీర ఆగదు, నేను బతికున్నంత కాలం’ అన్నాడు. నేను అడగలేదు, వాడే అన్నాడు. మూడో ఏటికి వేరేవాళ్ల చీర వచ్చింది. పోయినేడు ‘అందరం చీటీలు వేసుకుందాం అక్కా, ఫన్‌గా ఉంటుంది’ అని మెసేజ్ వచ్చింది. స్థలం వద్దన్నాను. మాట కూడా వద్దనాలా?

బార్ కౌన్సిల్ బాబాయి (ఉదయం 11:50)
తెలియనివాళ్లకి ఒక మాట. క్రైస్తవులకి వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. తండ్రి వీలునామా రాయకుండా పోతే భార్యకి మూడో వంతు, మిగతా రెండు వంతులు కొడుకులకీ కూతుళ్లకీ సమానం. ఆడపిల్ల అని తగ్గించడం ఉండదు. మేడమ్ వదులుకున్నది చిన్న వాటా కాదు.

గోదావరి ఆడపడుచు (ఉదయం 11:55)
అది తెలిసే పెట్టాను బాబాయి గారూ. తెనాలి అన్నయ్యని ఒకటి అడుగుతా. మీ చెల్లెలు పెట్టిందా సంతకం?

అడ్మిన్ (మధ్యాహ్నం 12:10)
వ్యక్తిగత ఆస్తి వివరాలు అడగొద్దు. మర్యాద దాటితే థ్రెడ్ లాక్ చేస్తాం.

అయ్యగారబ్బాయి (మధ్యాహ్నం 12:40)
నేను అలవాటు అన్నది వస్తువుల గురించి. ఈ అక్కయ్య చెప్పింది వేరు. నా మాట వల్ల బాధ కలిగితే క్షమించండి.

తెనాలి పెద్దోడు (డిసెంబర్ 5, రాత్రి 10:20)
నిన్న మధ్యాహ్నం నుంచి ఇటు రాలేదు. అడ్మిన్ వద్దన్నారు గానీ నేనే చెప్తున్నా. పెట్టింది. 2019లో. ఇల్లు నా పేరు మీద ఉంది. తమ్ముడూ పెట్టాడు. అమ్మని చూసుకునేది నేనే కాబట్టి ఇల్లు నాకు అని అప్పుడు ముగ్గురం అనుకున్నాం, ఆ మాట ఇప్పటికీ న్యాయమే అంటాను. చెల్లి ఆ రోజు ఏమీ అడగలేదు. కాఫీ తాగి 4 గంటల బస్సు ఎక్కింది. నేను దాన్ని చీర లెక్కలోకి ఎప్పుడూ తేలేదు. తమ్ముడి పెట్టె ఒక్కటే చూశాను. ఇందాక ఫోన్ చేశాను, ఎత్తలేదు. బావ ఎత్తి ‘పడుకుంది’ అన్నాడు. తొమ్మిదింటికి అది పడుకునే మనిషి కాదు.

చీటీల మాట నేను వదలను. పిల్లలు పోల్చుకోవడం ఆపాలంటే నాకు వేరే దారి తోచలేదు. చెల్లికి చీర మాత్రం విడిగా.

న్యూజెర్సీ నాని (రాత్రి 10:48)
అన్నయ్యా, డయాలసిస్ సంగతి మీ తమ్ముడికి మాకు చెప్పినట్టే చెప్పండి. టైములతో సహా. మా అన్నయ్య నాకు ‘అంతా బాగానే ఉంది’ తప్ప ఏమీ చెప్పడు.

గోదావరి ఆడపడుచు (రాత్రి 11:05)
చీర కొరియర్‌లో పంపకండి. ఫోన్ ఎత్తకపోయినా పర్వాలేదు. డయాలసిస్ లేని రోజు చూసుకుని బస్సెక్కి, మీరే వెళ్లి చేతికివ్వండి. 20 లోపల.