రైతు భరోసా పడేది నా ఖాతాలో, పొలం చేసేది కౌలుదారు. పైసలు ఎవరివి?

నిజాంపేట ఫ్లాట్:
నాన్న పోయాక ఊళ్లో ఉన్న మూడెకరాల పది గుంటలు ఫౌతీ (వారసుడిగా నా పేరు మీదకు మార్పు) చేయించుకుని పాస్‌బుక్కు తీసుకున్నా. నల్లగొండ జిల్లా, బోరు కింద వరి. నాది ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పొలం ఊళ్లో ఒకాయన చేస్తున్నాడు, కాగితం లేదు, నోటిమాటే. ఈ సీజన్ రైతు భరోసా (సర్కారు ఎకరాల లెక్కన ఇచ్చే పంట పెట్టుబడి సాయం) 19,500 నాకు పడింది. ఆయన ఫోన్ చేసి "తమ్మీ, ఆ పైసలన్నా ఇయ్యి, లేకుంటే కౌలన్నా తగ్గియ్యి" అన్నాడు. మా బావేమో ఒకసారి ఇచ్చావంటే రేపు పొలమే నాదంటాడు, ఇవ్వొద్దు అంటున్నాడు. రూల్ ఏమిటి? నాన్నకు వచ్చే పీఎం కిసాన్ నా పేరు మీదకు మారుతుందా?

గట్టు పంచాయితీ:
రూల్ అడిగితే నీవే. 2018లో రైతుబంధు పెట్టినప్పటి నుంచీ అంతే, సీజన్‌కు ఎకరానికి 4 వేలు ఉన్నప్పుడూ, 5 వేలు చేసినప్పుడూ పాస్‌బుక్కు ఎవరిదైతే పైసలు వాళ్లవే, ఎన్ని ఎకరాలున్నా సరే. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ కౌలుదారుకు కూడా కలిపి ఎకరానికి ఏడాదికి 15 వేలు అంది, దాన్ని రైతు భరోసా పేరుతో 2025 జనవరి 26న మొదలుపెట్టేసరికి అది 12 వేలయింది, కౌలుదారు మళ్లీ బయటే. ఆత్మీయ భరోసా ఉందిగా అంటారేమో, అది భూమి లేని ఉపాధి హామీ కూలీలకు. ఆయనకు సొంతంగా పది గుంటలున్నా రాదు.

పీఎం కిసాన్ మర్చిపో. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లకు లేదు. నాన్న పోయాక ఆయన ఖాతాలో వాయిదాలు పడి ఉంటే పోర్టల్‌లో రీఫండ్ ఆప్షన్ ఉంది, తిరిగి కట్టేయ్.

ఎల్బీనగర్ క్యాబ్:
మా నాయన కౌలు రైతే కాబట్టి ఆయన తరఫున నేను చెబుతా. బ్యాంకులో పంట రుణం కావాలంటే పాస్‌బుక్కు ఉండాలి, అందుకే పెట్టుబడంతా బయట వడ్డీకే. 2024లో 2 లక్షల దాకా మాఫీ చేస్తే మా ఇంట్లో ఒక్క రూపాయి మాఫీ కాలేదు, బయటి అప్పు ఎవరు మాఫీ చేస్తారు? రైతు బీమా 5 లక్షలు కూడా పట్టాదారు చనిపోతేనే. ఆఖరికి వడ్లు అమ్మబోతే కొనుగోలు కేంద్రంలో మళ్లీ ఆ పాస్‌బుక్కు జిరాక్సే, పైసలు పట్టాదారు ఖాతాలో పడి, హైదరాబాద్‌లో ఉన్న ఆ సారు ఫోన్ ఎత్తేదాకా మా నాయన ఎదురుచూసేవాడు. సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ ఇస్తున్నారు కదా, అది ఎవరి ఖాతాలో పడుతుందో ముందు చూసుకో అన్నా. ఆ వడ్లు పండించింది నువ్వు కాదు.

యాసంగి:
బావగారి భయం కొత్తదేం కాదు, 1950 కౌలుదారీ చట్టం, దాని కింద భూమి మీద హక్కులు పొందిన రక్షిత కౌలుదారుల కథలు విన్న ప్రతి ఇంట్లో ఉన్నదే. కానీ 2011 చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే రుణ అర్హత కార్డు ఏడాదికే, దానితో భూమి మీద ఏ హక్కూ రాదు. తెలంగాణలో ఆ కార్డుల ఊసు ఎత్తేవాళ్లే లేరనుకో, అది వేరే సంగతి. నాకూ ఊళ్లో రెండెకరాలుంది. భరోసా ఎంత పడితే అంత కౌలులో తగ్గించుకోమంటా, చేతికి డబ్బు ఇచ్చేది లేదు, రాతకోతలు లేవు. పైగా నీకు పడేది పంట పెట్టుబడి సాయం, నువ్వు పెట్టిన పెట్టుబడి ఏముంది చెప్పు?

గట్టు పంచాయితీ:
అంతా వదిలేయమని నేననను. బోరు మోటారు కాలితే బాగు చేయించేది ఎవరు? అది నీ మీదుంటే సగం తగ్గించినా న్యాయమే.

నిజాంపేట ఫ్లాట్:
మోటారు ఖర్చు కూడా ఆయనదే. అలాగైతే మొత్తం 19,500 కౌలులో తగ్గిస్తా, బావకు నేను చెప్పుకుంటా. వడ్లు ఆయన పేరు మీదే అమ్ముకునేలా ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి)తో కూడా మాట్లాడతా. నాన్న ఖాతా చూశాను, పీఎం కిసాన్ రెండు వాయిదాలు, 4 వేలు, ఆయన పోయాక పడ్డాయి.

గట్టు పంచాయితీ:
కట్టేసి రసీదు దాచుకో.