నానమ్మ ముత్యాల దండ: మళ్ళీ గుచ్చించాలా, మార్పిడికి ఇచ్చేయాలా?

సిద్దిపేట_కోడలు:
మా నానమ్మకి 1958లో పెళ్ళప్పుడు పెట్టిన రెండు వరసల ముత్యాల దండ నా చేతికొచ్చింది. మధ్యమధ్యలో కెంపు పూసలు, వెనక జరీ దారం. దారం పీచులు లేచిపోయింది, ముత్యాలు కూడా అన్నీ ఒక సైజు కావు, లేత పసుపు రంగులోకి తిరిగాయి. గుచ్చిద్దామని ఒక షాపుకి తీసుకెళ్తే చేత్తో కూడా పట్టుకోకుండా "ఇవి పాడైపోయాయమ్మా, ఇచ్చేసి కొత్తవి తీసుకోండి, పన్నెండు వందలు తగ్గిస్తాం" అన్నాడు. శ్రావణంలో చెల్లి పెళ్ళి, అప్పటికి వేసుకోవాలని ఉంది. ఏం చేయమంటారు?

చార్మినార్_కుర్రాడు:
అక్కా, ఇవ్వకు. మా నాన్న హైదరాబాద్ పత్తర్‌గట్టీ బజారులో ముప్పై ఏళ్ళు దండలు గుచ్చారు, ఆయన మాటే చెప్తున్నా. 1958 నాటికి ఇప్పుడు బజారు నిండా కనిపించే చైనా మంచినీటి ముత్యాలు మన దగ్గర లేవు. అంటే నీ దగ్గరున్నవి జపాన్ కల్చర్డ్ (ఆల్చిప్పల్లో మనుషులు పెంచినవి) కావచ్చు, ఉత్త గాజు కావచ్చు, అదృష్టం బాగుంటే బసరావి కావచ్చు. (బసరా ముత్యం ఇరాక్‌లోని బసరాలో పుట్టేది కాదు, గల్ఫ్ సముద్రంలో తీసిన సహజ ముత్యం ఆ రేవు మీదుగా వచ్చేది, అందుకే ఆ పేరు.) బసరావి సైజులు కుదరవు, మీగడ రంగు ఉంటుంది, కాబట్టి పసుపుగా ఉన్నాయంటే పాడైనట్టేనని అనుకోకు. రంధ్రాలు చూడు. సహజ ముత్యాన్ని బరువు లెక్కన అమ్మేవాళ్ళు కాబట్టి ఎక్కడ తూకం పోతుందోనని సన్నగా తొలిచేవాళ్ళు.

లెక్కల_మాస్టారు:
పంటికి రుద్దితే తెలిసిపోతుంది కదండీ, గరుకుగా ఉంటే అసలు, నున్నగా ఉంటే నకిలీ. దీనికింత చర్చెందుకు?

చార్మినార్_కుర్రాడు:
మాస్టారూ, దానితో గాజు, ప్లాస్టిక్ మాత్రమే బయటపడతాయి. కల్చర్డ్ ముత్యం మీదా అదే పొర, అదీ గరుకుగానే తగుల్తుంది. సహజమా పెంచినదా అనేది జెమ్ ల్యాబ్‌లో ఎక్స్‌రే తీస్తేనే చెప్పగలరు.

గుంటూరు_గాయత్రి:
ముత్యాల గురించి అందరూ చెప్పారు గానీ ఆ కెంపులు కూడా చూపించుకో అమ్మా. నా ఉంగరం సైజు పెంచమని ఒకచోట ఇచ్చాను, అతుకు పెట్టడానికి మంట చూపించి యాసిడ్‌లో వేశారు, తీసి చూస్తే రాయంతా సాలెగూడులా గీతలు. తర్వాత తెలిసింది, పగుళ్ళలో సీసం గాజు నింపిన కెంపట అది, నిమ్మరసం పడినా పాడవుతుందట. అమ్మేటప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు, బిల్లులో 'రూబీ' అని రాసి ఊరుకున్నారు. బంగారం మీద హాల్‌మార్క్ ఉంది కదా అని నేనూ ధీమాగా ఉన్నాను, ఆ ముద్ర బంగారానికే గానీ రాయికి కాదని ఎవరు చెప్పారు నాకు!

ఇంకోటి, ఇంట్లో కడుగుదామని చింతపండు, వెనిగర్ లాంటివి పెట్టకు. పులుపు తగిలితే ముత్యం కరిగిపోతుంది. మెత్తటి తడిగుడ్డతో తుడిస్తే చాలు. సెంటు కొట్టుకున్నాక దండ వేసుకో, వేసుకున్నాక కొట్టుకోకు.

చార్మినార్_కుర్రాడు:
గుచ్చడానికి ఇచ్చేముందు ఫోటో తీసుకో, పూసలు లెక్కపెట్టు, తూకం వేయించి చీటీ రాయించుకో. వీలైతే అక్కడే కూర్చుని గుచ్చించుకో. పట్టుదారం, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయమను, లేకపోతే ఒకదానికొకటి రాసుకుని పైపొర అరుగుతుంది, దారం తెగితే అన్నీ నేలపాలు. నీవి సన్న రంధ్రాలైతే మాత్రం లావు దారం పట్టాలని మళ్ళీ తొలవనివ్వకు, సన్న దారమే వేయించు.

సిద్దిపేట_కోడలు:
ఇప్పుడే లెక్కపెట్టాను, ముత్యాలు 187, కెంపులు 22. చివర ఊడిన ముత్యంలోకి మా అమ్మ కుట్టుసూది మొన కూడా దిగట్లేదు! షాపువాడు ఈలోపు రెండుసార్లు ఫోన్ చేశాడు, రెండోసారి పన్నెండు వందలు కాస్తా నాలుగు వేలయ్యింది. ఆదివారం ల్యాబ్ తెరిచి ఉంటుందా తమ్ముడూ?