రీఫ్ ట్యాంక్‌కి సముద్రపు నీళ్లా, సాల్ట్ మిక్సా?

మాది అమలాపురం. 200 లీటర్ల రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), సాఫ్ట్ కోరల్స్ (మెత్తటి పగడాలు), క్లౌన్ ఫిష్ జంట. వారానికి 20 లీటర్లు మారుస్తాను, ఆర్వో నీళ్లలో సాల్ట్ మిక్స్ (సముద్రపు నీళ్లలా చేసే ఉప్పు పొడి) కలిపి. ఖర్చు తడిసి మోపెడవుతోంది. అంతర్వేది పక్కనే కదా, నీళ్లు అక్కడే పట్టుకో అంటారు అందరూ. అక్కడ గోదావరి కలుస్తుందని వీళ్లకెలా చెప్పాలి? వరదల్లో ఎర్రనీళ్లే, ఉప్పదనం 35 పీపీటీ (లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు) ఎక్కడ ఉంటుంది! రొయ్యల హేచరీ నీళ్లంటే క్లోరిన్ టెన్షన్. చెరువుల బాబాయి ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటర్ ఇచ్చాడు కాబట్టి కొలతకి ఇబ్బంది లేదు.

ఎండాకాలంలో నదీముఖానికి దూరంగా పట్టి, వడకట్టి వాడినవాళ్లున్నారా? ఆ నీళ్లలో ఆల్కలినిటీ (క్షారత), నైట్రేట్ ఎంతొచ్చాయి? ఇంకో సంగతి: సాల్ట్ మిక్స్ రాత్రంతా తిప్పి ఉంచితే బకెట్ అడుగున తెల్లటి పొర గట్టిగా అతుక్కుంటోంది. అది కాల్షియమేనా? అయితే ఆ నీళ్లు పోయొచ్చా, పారబోయాలా?